మూడుసార్లు ఉడికిన మట్టి

పరిశోధన కేంద్రంలో ఆవిణ్ణి అందరూ బ్లీచింగమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా మేడమ్ అనేవారు, అదీ తమ చెప్పుల వంక ఓసారి అనుమానంగా చూసుకున్నాక. మట్టిగది ఇన్‌చార్జి ఆవిడ. పొలాల నుంచి, తోటల నుంచి, కాలవగట్ల నుంచి సంచుల్లో వచ్చిన మట్టిని జల్లించి, గాజుబుడ్లలో పోసి, తడిపి, దాంట్లో పురుగుమందు కలిపి, కొన్నాళ్ళకి ఎంత మిగిలిందో చూడమని యంత్రం గదికి పంపడం ఆవిడ పని. చిన్న ఉద్యోగమేం కాదు. పెద్ద చదువే చదివింది, పద్ధతిగా పరీక్ష రాసే వచ్చింది. వచ్చిన మొదటిరోజే గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది.

"ఇదేం గదండీ, ఎక్కడ చూసినా మట్టే!" అంది.

మట్టిగదిలో మట్టి కాక మల్లెపూలుంటాయా అని అడిగే ధైర్యం ఆనాడు ఎవరికీ లేకపోయింది. తర్వాత కూడా రాలేదు.

శుభ్రం అంటే ఆవిడకి ప్రాణం. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసే ఆవిడ భర్త సాయంత్రం ఇంట్లోకి రావాలంటే బయట కుళాయి దగ్గర కాళ్ళు, చేతులు, మొహం, టిఫిన్ డబ్బా, ఒక్కోసారి గొడుగు కూడా కడగాలి. పొద్దున వచ్చిన పేపరుని ఆవిడ ఇస్త్రీ చేశాకే ఆయన చదవాలి. ఈలోగా వార్తలన్నీ పక్కింటాయన చెప్పేసేవాడు. ఇదేం పద్ధతని పెళ్ళయిన కొత్తలో పాపం ఒకసారి నోరు తెరిచాడు. ముందు నోరు పుక్కిలించి వచ్చి మాట్లాడమంది. పుక్కిలించి వచ్చేసరికి ఏం అడగాలనుకున్నాడో మర్చిపోయాడు, ఆ తర్వాత మళ్ళీ ఆ జోలికి పోలేదు.

మట్టిగదికి పెట్టిన రూల్సు ఇంటికంటే గట్టివి. లోపలికి రావాలంటే చెప్పులు బయట వదలాలి. కాళ్ళు కడగాలి, తుడవాలి, మళ్ళీ కడగాలి. ఆవిడిచ్చే రబ్బరు చెప్పులు వేసుకోవాలి, అవి ఎప్పుడూ తడిగానే ఉంటాయి. టోపీ, పైకోటు, చేతులకి ఆవిడ చూస్తుండగా సబ్బు. ఇంత తతంగం పడలేక పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు గుమ్మం అవతలే నిలబడి కబురు చెప్పి పోయేవారు. డైరెక్టరుగారు ఒకే ఒక్కసారి లోపలికి వచ్చాడు. మడమ దగ్గర మురికి సరిగ్గా పోలేదని ఆయన చేత మూడోసారి కాళ్ళు కడిగించింది. ఆ దెబ్బతో ఆయనకి మట్టిగది మీద అపారమైన నమ్మకం కుదిరి, మళ్ళీ తనిఖీకి రాలేదు. అలా ఆ గది సంవత్సరాల తరబడి అద్దంలా మెరుస్తూ ఉండిపోయింది, లోపల ఏం జరుగుతోందో ఒక్కడూ చూడలేదు.

లోపల జరిగేది ఇది. ఆ గదిలో బిందెంత ఆవిరి కుక్కరు ఒకటుంది. వచ్చిన మట్టిలో కొంత పక్కకి తీసి, ఆవిరిలో ఉడికించి, పోల్చి చూడ్డానికి విడిగా పెట్టుకోవాలని పద్ధతి. కొంతే సుమండీ. మిగతాది ఎలా వచ్చిందో అలాగే వాడాలి. బ్లీచింగమ్మ ఆ పద్ధతి చదివి నొచ్చుకుంది. కొంత మట్టి శుభ్రంగా ఉండొచ్చుగాని మిగతా మట్టి ఏం పాపం చేసుకుంది? పురుగూ పుట్రా ఉన్న మురికిమట్టితో పరీక్షలేంటి, ఎవరైనా చూస్తే నవ్విపోరూ? అందుకని వచ్చిన మట్టినంతా కుక్కర్లో పెట్టేది. ఒకసారి కాదు, మూడుసార్లు. దొంగతనంగా చేసిందా అంటే అదీ లేదు. ఎవరైనా అడిగితే గర్వంగా చెప్పేదే. అడగడానికి కాళ్ళు కడుక్కుని రావాలిగా!

ఇక్కడ ఆ మందు సంగతి కాస్త చెప్పుకోవాలి. కంగారు పడకండి, చెప్పుల జత తెలిసినవాళ్ళకి ఇదీ తెలుస్తుంది. ఎడమ చెప్పు, కుడి చెప్పు ఒకే తోలు, ఒకే కుట్టు, ఒకే బరువు. తక్కెట్లో వేస్తే తేడా రాదు. కాలికి తొడిగితేనే తెలుస్తుంది. కొన్ని పురుగుమందులు అలాంటివే. ఒకే సరుకు, కానీ అందులో ఎడమ రకం, కుడి రకం అని అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలుంటాయి. ఫ్యాక్టరీలో తయారైనప్పుడు సగం ఇదీ, సగం అదీ. విడదీయాలంటే బోలెడు ఖర్చని రెండూ కలిపే డబ్బాలో పోస్తారు. తోటలకి కొట్టే ఈ మందులో పురుగుని చంపేది కుడి రకం. ఎడమ రకం పురుగుని ఏమీ చెయ్యదు, ఊరికే ఉంటుంది. "సగం పనిచేసేదీ, సగం ఊరికే ఉండేదీనా? అచ్చం మన ఆఫీసే!" అనేవాడు యంత్రం గదిలో పనిచేసే ఆయన. ఆయన్ని అందరూ యంత్రం మాస్టారు అంటారు. ఊరికే ఉంటుందన్న ఆ ఎడమ రకంతో ఒక్కటే చిక్కు. నీళ్ళలో చేరితే చేపపిల్లల మొప్పలకి పడదు.

ఎడమనీ కుడినీ విడగొట్టి చూపించే యంత్రం ఆ చుట్టుపక్కల ఒక్కటే, అది మాస్టారి దగ్గరుంది. బుడ్డిలోని మట్టి నుంచి తీసిన సారం పోస్తే కాయితం మీద రెండు కొండలు గీస్తుంది. ఒకటి ఎడమదాని కొండ, రెండోది కుడిదాని కొండ. బ్లీచింగమ్మ పంపిన ప్రతి బుడ్డికీ రెండు కొండలూ కవల పిల్లల్లా వచ్చేవి. ఏ ఊరి మట్టైనా సరే, నల్లదైనా ఎర్రదైనా, ఇసకైనా బంకైనా, ఎన్నాళ్ళు ఉంచినా సరే, ఎత్తులో వెంట్రుకంత తేడా ఉండేది కాదు. మిగతా చోట్ల నుంచి వచ్చే కొండలు వంకరటింకరగా ఉంటే మన కేంద్రంవి చక్కగా ఉన్నాయని డైరెక్టరుగారు పొంగిపోయేవాడు. ఆ బొమ్మకి ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక తగిలించాడు. దానికో పేరు కూడా పెట్టాడు, జంట శిఖరాలని.

మందు కంపెనీవాళ్ళకి ఆ జంట శిఖరాలంటే మరీ ముద్దు. ఎందుకంటే తోటల్లో వాళ్ళు మామూలు పద్ధతిలో, ఎడమా కుడీ చూడకుండా, మొత్తం మందు కొలిచారు. కొట్టిన కొన్నాళ్ళకి సగానికి దిగిపోయింది. ఇక్కడ మట్టిగదేమో రెండూ ఎప్పుడూ సమానంగానే ఉంటాయంది. ఆ లెక్కన ఎడమది సగం పోయింది, కుడిది సగం పోయింది, మిగతా సగం కూడా అదే దారి పడుతుంది. ఇంకేం! "మట్టిలో కలుస్తుంది, మాయమవుతుంది" అని డబ్బా మీద అచ్చేశారు. కుడిది మొత్తం పోయి, ఎడమది మొత్తం కదలకుండా కూర్చున్నా లెక్క సగమే వస్తుందని ఒక్క బుర్రకీ తట్టలేదు. తట్టకపోవడానికి ఆ బుర్రలన్నిటికీ జీతాలు సక్రమంగా అందుతున్నాయి.

ఇక ఆవిడ ఆడపడుచు సంగతి. భర్తకి ఒక్కగానొక్క చెల్లెలు, ఇంట్లో అందరూ చంటి అంటారు. మనిషి నలభై దాటినా చంటే. చంటీ ఆవిడ భర్తా పెద్ద పండ్లతోట కింద చెరువు పెట్టుకుని చేపపిల్లల్ని పెంచి అమ్ముతారు. ఆ పని చంటిదే అనాలి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది, అలాంటివాటికి రోజూ మేత తడిపి, జల్లి, నీళ్ళలోకి వంగి కళ్ళు చికిలించి చూస్తూ "ఇవాళ కాస్త ఒళ్ళు చేశార్రా" అని మాట్లాడేది. పిల్లల్లేని ఇల్లు మరి. ఆ తోటకి కొత్త మందు వచ్చిందని, తోట కాలవ నీళ్ళే చెరువుకొస్తాయని, నిరుడు చంటికి భయం వేసి వదినకి ఫోన్ చేసింది.

"వదినా, నువ్వు పరీక్షలు చేసేదానివిగా. ఆ నీళ్ళు పెట్టుకోవచ్చంటావా?"

"నా గదిలో నా చేత్తో చూశాను. కడిగిన ముత్యంలా ఉంటుంది, నిక్షేపంగా పెట్టుకో," అంది బ్లీచింగమ్మ.

పెట్టుకుంది. వారం తిరక్కుండా పిల్లలన్నీ తెల్లగా తేలిపోయాయి. చంటి ఏడుస్తూ ఫోన్ చేస్తే, నీళ్ళ మీద అనుమానం వదినకి కలలో కూడా రాలేదు. "తొట్లు ఎలా కడిగావో ఏమో! నీకు చిన్నప్పట్నుంచీ శుభ్రం తక్కువే. మీ అన్నయ్యా అంతేగా," అంది. అక్కడితో ఊరుకుందా? చంటి భర్తకి కూడా అదే మాట చెప్పింది. వరసకి ఆయన ఆవిడకి అన్నయ్య. ఆ అన్నయ్యగారు ఆ మాట పట్టుకుని, చేపలు కొనడానికొచ్చిన పదిమంది ముందూ పెళ్ళాన్ని నిలబెట్టి, "దీని చెయ్యి మంచిది కాదు. చేతులారా చంపుకుంది" అన్నాడు. ఆ రోజు నుంచి చెరువు గట్టు ఎక్కనివ్వలేదు. మందు కొట్టే రోజులు దాటాక కొత్త పిల్లల్ని వేసి, మేత పనికి ఇంకో మనిషిని పెట్టాడు. చంటి మాత్రం ఏడాదంతా ఇంట్లో ఖాళీ తొట్లు తోముతూ కూర్చుంది. తోమిందే తోమడం. మనిషి సగమైంది. వదిన అది చూసి, పోనీలే, ఇన్నాళ్ళకి దారిలో పడిందని సంతోషించింది.

ఈ ఏడు కంపెనీవాళ్ళు ఇదే మందుని కొత్త డబ్బాలో పెట్టి, ఊరి హాల్లో పెద్ద సభ తలపెట్టారు. మందు పడ్డ తోట కాలవ నీళ్ళని అద్దాల తొట్టిలో నింపి, అందరి ముందూ ఒక రైతు చేత చేపపిల్లల్ని వదిలించాలి. అవి గిరగిరా తిరుగుతుంటే చప్పట్లు కొట్టాలి. "ఆడమనిషైతే ఫొటో బాగా వస్తుంది," అన్నాడు కంపెనీ ఆయన. బ్లీచింగమ్మే ఎగిరి గంతేసి మా ఆడపడుచుంది అని చెప్పింది. అన్నయ్యగారు ముందు ససేమిరా అన్నాడు. ఫొటో పేపర్లో పడుతుందన్నాక మెత్తబడ్డాడు. చంటి అడగ్గా అడగ్గా ఒక మాట ఇచ్చాడు. సభలో పిల్లల్ని చంటే వదలొచ్చు, సాయంత్రం మిగిలిన తొట్లలో పిల్లల్ని చెరువులోనూ చంటే వదలొచ్చు. అవి బతికితే చెరువు మళ్ళీ ఆవిడ చేతికి. "ఈసారీ చచ్చాయో, ఇంక జన్మలో గట్టు తొక్కకు," అన్నాడు. ఆ మాటకే చంటి ప్రాణం లేచొచ్చింది.

సభలో చంటి చెరువు పైనున్న తోటమట్టి కొండలు కూడా చూపిస్తే నిండుగా ఉంటుందని డైరెక్టరుగారికి ఆలోచన వచ్చింది. చంటి ఒక బక్కెట్టు మట్టి పంపింది. వానపాములతో సహా పంపింది. సరిగ్గా అప్పుడే కుక్కరు మూత రబ్బరు రింగు తెగింది. కొత్త రింగు కోసం ఆఫీసులో ఫైలు కదులుతూనే ఉంది, రింగు మాత్రం రావడంలేదు. సభ తేదీ దగ్గర పడుతోంది. ఏం చేస్తుంది? రెండు జతల గ్లవ్సులు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, ఉడకని మట్టినే బుడ్లలో పోసి, మందు కలిపి, మిగతావాటికి అంటకుండా మూలనున్న అరలో పెట్టింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి రెండుసార్లు తలంటుకుంది.

సభకి ముందురోజు మధ్యాహ్నం యంత్రం మాస్టారు ఆవిణ్ణి పిలిపించాడు. కాయితం మీద ఎడమ కొండ ఆకాశాన్నంటుతోంది. కుడి కొండ ఉందా లేదా అన్నట్టుంది, చీమ కాలు తగిలి అక్కడ గీత కాస్త వంగిందేమో అనిపించేలా.

"యంత్రం పాడైందేమోనని మూడుసార్లు నడిపాను. అదే వస్తోంది," అన్నాడు.

"మురికండీ! ఈసారి ఉడకబెట్టడం కుదర్లేదు."

మాస్టారు కుర్చీలో ముందుకి వంగాడు. "ఈసారి అంటే? మిగతాసార్లు ఉడకబెట్టేవారా?"

"మరి? మూడుసార్లు."

"పోల్చి చూసే బుడ్లేనా?"

"అన్నీ," అంది ఆవిడ, ఇప్పటికైనా ఒక మనిషి అడిగినందుకు కాస్త సంబరంగా.

మాస్టారు నోరు వెళ్ళబెట్టి, తర్వాత నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో మేడమ్! చిటికెడు మట్టిలో కంటికి కనపడని జీవాలు ఒక ఊరి జనమంత ఉంటాయి. మందుని తినేది అవి. ఎండకీ నీళ్ళకీ ఎడమా కుడీ తేడా తెలీదు, అరగదీస్తే రెంటినీ ఒకేలా అరగదీస్తాయి. నోరున్నవాటికేగా రుచి తెలిసేది! ఇవి కుడిదాన్ని శుభ్రంగా నమిలేసి ఎడమదాన్ని ముట్టకుండా వదిలేశాయి. మీరేమో ఇన్నాళ్ళూ తినేవాళ్ళందర్నీ ఉడకబెట్టి, వాళ్ళ ముందు విస్తరి వేసి, ఇదిగో చూడండి ఎవరూ ఏదీ ఎక్కువ తినలేదని చెప్పారు."

"మరి... మీరెప్పుడూ అనుమానపడలేదా?"

"ఎలా పడతానండీ? మీ గదికి వస్తే కాళ్ళు కడగాలి," అన్నాడు మాస్టారు. సిగ్గుపడే అన్నాడు పాపం.

ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. కూర్చునే ముందు తుడవలేదు, అది చూసి మాస్టారికి భయం వేసింది. కుడిది పోయింది. ఎడమది పోలేదు. ఎడమది ఎక్కడికెళ్తుంది? వాన పడితే కాలవలోకి. కాలవ నుంచి చెరువులోకి. చెరువులో ఎవరున్నారు? నిరుటి ఫోన్ గుర్తొచ్చింది. తొట్లు ఎలా కడిగావో ఏమో అన్న తన గొంతు తనకే వినపడింది.

ఆ కాయితం పట్టుకుని పరుగున డైరెక్టరుగారి దగ్గరికెళ్ళింది. ఆయన కాయితం తిప్పి చూశాడు, తలకిందులుగా కూడా చూశాడు. గోడ మీదున్న జంట శిఖరాల వంక చూశాడు. రెంటిలో ఏది అందంగా ఉందో ఆయనకి ఇట్టే తెలిసిపోయింది.

"మట్టి ఉడికించలేదంటున్నారుగా. అంటే ఇది మురికి మట్టి. మురికి మట్టిని లెక్కలోకి తీసుకోకూడదని మీరేగా గోడమీద బోర్డు రాయించారు?"

"అది నా తెలివితక్కువ సార్. పొలంలో మట్టిని ఎవరు ఉడకబెడతారు?"

"ఎవరూ ఉడకబెట్టకపోబట్టే దేశం ఇలా ఉంది," అన్నాడాయన మహా సీరియస్‌గా. "అదిసరే, ఆ నీళ్ళలో వదిలితే చేపపిల్లలు అప్పటికప్పుడు చస్తాయా?"

"అప్పటికప్పుడు చావవు. నాలుగైదు రోజులకి..."

"మన సభ గంటే కదమ్మా," అన్నాడు డైరెక్టరుగారు. లేచి వచ్చి ఆవిడ చేతిలో కాయితం మెల్లగా అందుకుని, తన గ్లాసు కింద పెట్టుకున్నాడు. "రేపు మీకు పరిశుభ్రత షీల్డు కూడా ఇస్తున్నాం. హాయిగా వెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

ఇంటికొచ్చి కాళ్ళు కడక్కుండా లోపలికి నడిచింది. కుర్చీలో ఉన్న భర్త అది చూసి, ఎవరైనా పోయారేమోనని లేచి నిలబడ్డాడు. ఆవిడ తిన్నగా ఫోన్ తీసి చంటికి చేసింది. చెప్పేద్దామనే చేసింది, దేవుడి మీద ఒట్టు. కానీ అవతల చంటి మాట్లాడనిస్తేగా! కొత్త బట్టలు ఇస్త్రీ చేయించుకుందిట. పిల్లలు ఈసారి ఎంత చురుగ్గా ఉన్నాయోట. ఆయన చాలాకాలానికి నవ్వుతూ మాట్లాడాడుట. "నా ఏడుపు మీ అన్నయ్యగారికి తగిలిందో ఏమో వదినా, రేపటితో నా పీడ విరగడైపోతుంది. నీ ధర్మమా అని," అంది. ఇంతకీ ఎందుకు చేశావంది. బ్లీచింగమ్మ మింగలేకపోయింది, కక్కలేకపోయింది.

"ఏం లేదు. తొట్టి బాగా కడిగి తీసుకురా," అని పెట్టేసింది.

అంత చదువూ, అంత నోరూ ఉన్న మనిషికి ఆ ఒక్క మాట నోట రాలేదు. పిరికితనం కాక ఇంకేంటది! అది ఆవిడకీ తెలుసు కాబట్టే ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు హాలు కిటకిటలాడింది. స్టేజీ మీద అద్దాల తొట్టి, దానికి రిబ్బను, వెనక గోడంత జంట శిఖరాల బొమ్మ. తొట్టి పక్కన చంటి, చేతుల్లో చేపపిల్లల గిన్నె. కొత్త బట్టల్లో బిగుసుకుపోయి నిలబడి, మధ్యమధ్యలో గిన్నెలోకి తొంగిచూసి పెదాలు కదుపుతోంది. అన్నయ్యగారు వెనక వరసలో కూర్చున్నాడు. ఈసారి కూడా చస్తే ముందుగా లేచిపోవడానికి వీలుగా తలుపు పక్కనే కూర్చున్నాడు. కంపెనీ ఆయన మందు గురించి చెబుతున్నంతసేపూ ఒక డబ్బాని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకునే ఉన్నాడు. తర్వాత బ్లీచింగమ్మని పిలిచి షీల్డు చేతిలో పెట్టి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

ఆవిడ మైకు ముందు నిలబడింది. "ఆ మట్టి నేను ఉడకబెట్టాను," అంది.

హాలంతా చప్పట్లు.

"మూడుసార్లు."

ఇంకా గట్టిగా చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు.

"అయ్యో, అది కాదండీ. ఉడకబెట్టకూడదు. ఉడకబెడితే మట్టి చస్తుంది. చచ్చిన మట్టిని చూసి నేను మంచిదని చెప్పాను. తప్పు నాది."

డైరెక్టరుగారు చటుక్కున మైకు లాక్కున్నాడు. "చూశారా! ఇంత సేవ చేసి, ఇంకా తప్పు నాదే అంటున్నారు. వినయమంటే ఇదీ! ఈ తరం నేర్చుకోవాలి!" అన్నాడు. ఈ తరం, ఆ తరం అని లేకుండా హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. యంత్రం మాస్టారు ఒక్కడే కూర్చుని తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. బ్లీచింగమ్మ అరుస్తోంది, కానీ చప్పట్ల హోరులో ఆవిడ నోరు కదలడం తప్ప ఏమీ వినపడలేదు. ఈలోగా కంపెనీ ఆయన సైగ చేశాడు. చంటి గిన్నె ఎత్తింది.

షీల్డు ఎక్కడ పడేసిందో ఆవిడకే తెలీదు. ఒక్క ఉదుటున వెళ్ళి గిన్నె అంచు పట్టుకుంది. నీళ్ళు చింది ఇద్దరి బట్టలూ తడిశాయి.

"వదలకు చంటీ."

"ఏంటి వదినా, అందరూ చూస్తున్నారు. ఆయన చూస్తున్నాడు," అంది చంటి నవ్వు చెదరకుండా, పళ్ళ మధ్య నుంచి.

"వదలకు. ఇందులోనూ వద్దు, చెరువులోనూ వద్దు. ఆ నీళ్ళలో మందుంది. నిరుడూ ఉంది. నీ పిల్లలు చచ్చింది నువ్వు తొట్లు సరిగ్గా కడక్క కాదే. నేను మట్టిని తప్పుగా చూసి, నీళ్ళు మంచివని చెప్పబట్టి చచ్చాయి. నీ తప్పు ఇసుమంత లేదు."

చంటి ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. తీసేయడం మర్చిపోయిందంతే.

"నీకెప్పుడు తెలుసు?" అంది.

"నిన్న మధ్యాహ్నం."

"నిన్న సాయంత్రం ఫోన్ చేశావుగా."

"చేశాను."

"తొట్టి కడగమన్నావు."

బ్లీచింగమ్మ గిన్నె అంచు వదిలేసింది.

"కడిగాను వదినా," అంది చంటి. "నాలుగుసార్లు కడిగాను."

గిన్నెని జాగ్రత్తగా కింద పెట్టింది. చప్పట్లు అప్పటికి ఆగిపోయాయి. ఏదో తేడా జరిగిందని ముందు వరసవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. చంటి వదిన మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ప్రేమేం లేదు.

"ఇప్పుడు నాతో అన్నావే, అది ఆయనతో అను. మెల్లగా కాదు, అందరూ వినేలా అను. నిరుడు నన్ను పదిమందిలో అన్నాడు."

మైకు కోసం చూస్తే దాని తీగ అప్పటికే కంపెనీ ఆయన చేతిలో చుట్టలు చుట్టుకుంటోంది. డైరెక్టరుగారు టీ తాగి కలుద్దామని ప్రకటిస్తున్నాడు. బ్లీచింగమ్మ స్టేజీ దిగింది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. ఇంతమంది బూట్లు తొక్కిన ఆ నేల మీద ఉత్త కాళ్ళతో, కుర్చీల మధ్య నుంచి, అడ్డమొచ్చినవాళ్ళని భుజాలతో తోసుకుంటూ తలుపు దాకా నడిచింది. అన్నయ్యగారు లేవబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

"అన్నయ్యగారూ!" అంది. మైకు లేకపోయినా ఆ గొంతు హాలు చివరి గోడకి తగిలింది. "నిరుడు పిల్లలు చచ్చింది చంటి చేతివల్ల కాదు, నావల్ల. మందున్న నీళ్ళని మంచినీళ్ళని చెప్పాను. అవి చచ్చాక దానికి శుభ్రం లేదని మీకు చాడీ చెప్పింది కూడా నేనే. ఏడాదిగా మీరు తిట్టాల్సింది నన్ను. దాన్ని తిట్టారు. ఇంత శుభ్రంగా తొట్లు ఉంచే మనిషిని నేను చూడలేదు."

అన్నయ్యగారు జేబులు తడుముకున్నాడు, తలుపు వంక చూశాడు, మళ్ళీ ఆవిడ వంక చూశాడు. తప్పయిందని అనడానికి ఆ మనిషికి అలవాటు లేదు.

"సర్లేమ్మా, అయిందేదో అయింది," అన్నాడు చివరికి. "ఇప్పుడీ పిల్లల్ని ఏం చెయ్యమంటావు? ఇంటి దగ్గర ఇంకా ఎనిమిది తొట్లున్నాయి."

చంటి స్టేజీ మీంచి గిన్నె ఎత్తి నడుముకి ఆనించుకుంది.

"నా పిల్లలు," అంది అక్కడ్నుంచే, భర్త కళ్ళలోకి చూస్తూ. "నేను చూసుకుంటాను. నువ్వు గట్టు దిగు."